కర్మ యాడబ్బీ?

కొందరికి వంకాయ పడదు, కొందరికి పిల్లి ఎదురొస్తే పడదు. కనకలక్ష్మి గారికి 'ల్యాక్స్' అనే ఇంగ్లీషు మాట పక్కన 'ఆఫ్' వచ్చి కూర్చుంటే పడదు. తాళం వేసే లాక్ కాదండోయ్, ఏదో తక్కువైందని చెప్పే ల్యాక్. "హి ల్యాక్స్ ఆఫ్ కాన్ఫిడెన్స్" అని ఎవరైనా ఆవిడ చెవిన పడేలా అన్నారంటే వాళ్ల చేతిలో కాఫీ చల్లారి మీగడ కట్టేదాకా కదలనిచ్చేవారు కాదు.

నానక్‌రామ్‌గూడలో అద్దాల మేడలకు కొదవా? అలాంటి ఒక మేడలోని ఆఫీసులో ఆవిడ ఉద్యోగం. ఇంజినీర్లు రాసే మాన్యువల్ కానీ, మేనేజర్లు రాసే రివ్యూలు కానీ, ఇంగ్లీషన్నది ఏదైనా సరే సముద్రం దాటి హెడ్డాఫీసుకు వెళ్లేముందు ఆవిడ చేతిలోంచి వెళ్లాలి. ప్రొద్దుటూరు మనిషి. అంతకుముందు అక్కడే జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పారు. నేత చీర, మెళ్లో ఐడీ కార్డు, చేతిలో ఎర్ర పెన్ను. అంతా కంప్యూటర్లోనే కదా, ఎర్ర పెన్ను ఎందుకండీ అంటే, "చేతిలో ఏమన్నా ఉంటే జనానికి భయముంటాదని" అనేవారు. భయానికి లోటేమీ లేదు. వెనకాల అందరూ ఆవిడను ల్యాకక్క అనేవాళ్లు, ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఫ్లోరు మొత్తానికీ ల్యాకే.

"చూడబ్బీ," అని మొదలుపెట్టేవారు. "ల్యాక్ అనేది నామవాచకమైతే దానికి ఆఫ్ ఉండాల. ల్యాక్ ఆఫ్ స్లీప్, నిద్ర లేకపోవడం, బాగుంది. క్రియ అయితే ఆఫ్ ఉండకూడదు. హి ల్యాక్స్ స్లీప్, వానికి నిద్ర లేదు, అదీ బాగుంది. రెండూ కలిపి ల్యాక్స్ ఆఫ్ అన్నావనుకో, నాకు నిద్ర ఉండదు."

అక్కడితో ఆగితే ఆవిడ కనకలక్ష్మి ఎందుకవుతారు. అసలు పాఠం తర్వాత ఉండేది. "ఇది సకర్మక క్రియ. దీనికి కర్మ ఉండి తీరాల. చిన్నప్పుడు చదువుకోలా? 'వినయ్ అన్నం తిన్నాడు.' వినయ్ కర్త, అన్నం కర్మ." అది మన క్యాంటీన్ అన్నమైతే అన్ని అర్థాల్లోనూ కర్మేనని వెనకనుంచి ఎవరో గొణిగేవారు. ఆవిడ పట్టించుకునేవారు కాదు. "ఏం ల్యాకో చెప్పకుండా హి ల్యాక్స్ అని వదిలేస్తే అది వాక్యం కాదబ్బీ, శాపం."

ఈ కర్మ గొడవ తెలియక కొత్తగా వచ్చిన హెచ్చార్ పెద్దాయన బెదిరిపోయాడు. మొదటిరోజే ఆయన రాసిన నోటీసు పట్టుకుని కనకలక్ష్మి గారు ఆయన గదిలోకి వెళ్లి, "సార్, మీ కర్మ ఎంత ఎతికినా కనబడలేదు" అన్నారు. ఆయన ఆ సాయంత్రమే జాతకం చూపించుకుని శనికి నూనె పోయించాడని ఆఫీసంతా చెప్పుకున్నారు.

ఇంకోసారి, నిప్పంటుకుంటే మేడ ఎలా దిగాలో నేర్పే డ్రిల్లు పెట్టారు. సైరన్ మోగుతోంది, జనం బిలబిలమంటూ మెట్లు దిగుతున్నారు. కిందనుంచి సేఫ్టీ ఆఫీసరు మైకులో "దిస్ ఫ్లోర్ ల్యాక్స్ ఆఫ్ డిసిప్లిన్" అన్నాడు. కనకలక్ష్మి గారు మెట్ల మధ్యలో ఆగిపోయారు. ఆవిడ ఆగేసరికి వెనకున్న అంతస్తులన్నీ ఆగిపోయాయి.

"ఆఫ్ తీసేసి మళ్లీ చెప్పబ్బీ, దిగుతాం" అన్నారు రెయిలింగ్ మీంచి వంగి.

"మేడం, రేపు నిజంగ మంటలొస్తే గూడ గిట్లనే నిలబడ్తరా?"

"మంటయితే నీళ్లు పోస్తే ఆరతాది. ఈ తప్పు నోటికి అంటుకుంటే ఆరదు."

ఆయన ఆఫ్ తీసేసి చెప్పాక గానీ మెట్లు ఖాళీ కాలేదు.

ఇవన్నీ విని అందరూ పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్లు. వినయ్‌కి మాత్రం నవ్వొచ్చేది కాదు. తణుకు నుంచి వచ్చిన కుర్రాడు, ఉద్యోగంలో చేరి ఏడాది నిండబోతోంది, పుప్పాలగూడలో నలుగురితో కలిసి ఒక ఫ్లాట్లో ఉంటాడు. పని వచ్చు. నోరే రాదు. మీటింగులో ఎవరైనా తన పేరు పిలిస్తే, మైకు పాడైందని సైగ చేసి తప్పించుకునేవాడు. ఎదురుగా కూర్చుని మాట్లాడుకునే మీటింగులో కూడా ఒకసారి అలాగే సైగ చేశాడు పాపం.

ఆ రోజుల్లో వినయ్‌కి భయం ఉదయం గేటు దగ్గర మొదలయ్యేది. కార్డు పెట్టగానే పచ్చదీపం వెలగాలి. ఎర్రదీపం వెలిగిందంటే ఉద్యోగం పోయినట్టే, లోపలికి కూడా రానివ్వరు, బ్యాగు బయటికి తెచ్చిస్తారు. పక్క మేడలో ఎవరికో అలా జరిగిందని ఎవరో చెప్పారు. అందుకని వినయ్ కార్డు తీసి ఆంజనేయ దండకంలో గుర్తున్నంత చదివి, కళ్లు మూసుకుని పెట్టేవాడు. వెనక క్యూ పెరిగేది. సెక్యూరిటీ అతను "పచ్చనే ఒచ్చింది సార్, కండ్లు తెరువున్రి" అనేవాడు.

భయానికి కారణం లేకపోలేదు. క్లయింటు పని తగ్గించాడు. ముందు క్యాంటీన్లో ఉచితంగా ఇచ్చే బిస్కెట్లు మాయమయ్యాయి. తర్వాత కుండీల్లో మొక్కలు పోయి ప్లాస్టిక్ మొక్కలొచ్చాయి. ప్రాణమున్నవాటిని తీసేస్తున్నారంటే తర్వాత మనమేనని అందరూ లెక్క తేల్చుకున్నారు. హెచ్చార్ నుంచి "ఒక క్విక్ కనెక్ట్" అని మెసేజ్ వస్తే చాలు, మనిషి కుర్చీలోనే సగమైపోయేవాడు. ఈ ఉద్యోగం పోతే వినయ్ తణుకు వెళ్లి బాబాయి రైసుమిల్లులో కూర్చోవాలి. బాబాయి ఎప్పట్నుంచో ఖాళీ కుర్చీ తుడిపించి ఉంచాడు.

దీనికి తోడు ఇంకో పుకారు. రివ్యూలన్నీ కనకలక్ష్మి గారి దగ్గరికి వెళతాయి కదా, ఎవరి పేరు కొట్టేయాలో కూడా ఆవిడే చూస్తారట. ఎవరి పని అయిపోతే వాళ్లను తుంగభద్రకు పిలుస్తారట. మీటింగు గదులకు నదుల పేర్లు పెట్టుకున్నారు లెండి ఆ ఆఫీసులో. మూలగది తుంగభద్ర. మధ్యాహ్నం అన్నం వేళకు ఆవిడ అందులో ఉండేవారు. కొందరు టిఫిన్ డబ్బాలు పట్టుకుని, తల దించుకుని లోపలికి వెళ్లేవాళ్లు. తలుపు మూసుకునేది. బయటికి వచ్చేటప్పుడు అందరి కళ్లూ ఎర్రగా ఉండేవి, ముక్కులు చీదుకునేవాళ్లు.

వినయ్ పక్క సీటు జయంతి కూడా అలాగే వెళ్లడం మొదలుపెట్టింది.

"ఏమైందండీ లోపల?" అని వినయ్ అడిగాడు.

"ఏం చెప్పమంటవ్ వినయ్. గా మంట తట్టుకునుడు నాతోని గాదు" అని ఆమె నీళ్ల బాటిల్ ఎత్తింది.

వినయ్ ఆ రోజు అన్నం తినలేదు.

ఒక సోమవారం, గేటు దగ్గర పచ్చదీపమే వెలిగింది. హమ్మయ్య అనుకుని కూర్చున్నాడో లేదో, స్క్రీను మీద మెసేజ్ వచ్చింది. కనకలక్ష్మి గారు. రెండే మాటలు. "తుంగభద్రకు రా."

వినయ్ లేచాడు. జయంతి వైపు చూశాడు. ఆమె జాలిగా తల ఊపి, "నీళ్లు తీస్కపో" అంది. అతను బల్ల మీదున్న వినాయకుడి బొమ్మను జేబులో వేసుకున్నాడు. మళ్లీ ఈ సీటుకు వస్తాడో రాడో. ఛార్జర్ కూడా తీసుకున్నాడు.

తుంగభద్రలో కనకలక్ష్మి గారితో పాటు మేనేజర్ వీరేశం కూడా ఉన్నాడు. వీరేశం చెడ్డవాడు కాదు. సిద్దిపేట మనిషి, టీము పిల్లలకు తన చేత్తో బిర్యానీ వడ్డించేవాడు. ఆ రోజు మాత్రం వినయ్ మొహం చూడకుండా ఏసీ వంక చూస్తూ కూర్చున్నాడు. ఏసీ పదహారులో ఉంది, అతనికి చెమటలు పడుతున్నాయి.

"కూచో అబ్బీ" అన్నారు కనకలక్ష్మి గారు వినయ్‌తో. అతను కూర్చున్నాడు. జేబులో వినాయకుడు గుచ్చుకున్నాడు.

"వీరేశం, ఈ పిల్లోని గురించి నువ్వు రాసిన వాక్యం నోటితో చదువు."

"అందరి ముంగట ఎందుకు మేడం, కాన్ఫిడెన్షియల్..."

"వాని గురించి వాని ముందర చెప్పలేనిది సముద్రం అవతల చెప్తావా? చదువు."

వీరేశం గొంతు సవరించుకున్నాడు. "వినయ్ ల్యాక్స్."

"ఆ. తర్వాత?"

"ఫుల్‌స్టాప్ మేడం."

వినయ్‌కి అర్థమైంది. తన పేరే వెళుతోంది. ఇంక బాబాయి మిల్లే గతి.

కనకలక్ష్మి గారు ఎర్ర పెన్ను మూత తీశారు. "కర్మ యాడబ్బీ?"

"నా కర్మనే మేడం" అన్నాడు వీరేశం నిట్టూర్చి.

"నీ కర్మ కాదప్పా, వాక్యం కర్మ. వినయ్ ల్యాక్స్, ఏం ల్యాక్స్?"

"ల్యాక్స్ ఆఫ్ నాలెడ్జ్ అని రాద్దామనుకున్న."

పెన్ను గాల్లో ఒక గీత గీసింది. ఆఫ్ పోయింది. "ఇప్పుడు నాలెడ్జ్ సంగతి. పోయిన వారం సర్వర్ పడిపోతే లేపిందెవరు?"

"వినయే."

"నాలెడ్జ్ కొట్టెయ్."

"కమిట్‌మెంట్?"

"లేపింది ఏ రోజు?"

"ఆదివారం మేడం."

"కొట్టెయ్."

వీరేశం కర్చీఫు తీశాడు. "అయితే ల్యాక్స్ వద్దు, ల్యాగ్స్ అని పెడ్త. ల్యాగింగ్ ఉన్నడు."

ఈ ల్యాక్, ల్యాగ్ గందరగోళం మన ఊళ్లో ఆఫీసులన్నిటికీ ఉన్నదే. ఎవరేది అంటున్నారో అనేవాళ్లకే తెలియదు. కనకలక్ష్మి గారికి అది పండగ. "ల్యాగ్ అంటే వెనకబడటం. ఎవరి వెనక? టీములో వీనికన్నా ముందుండేది ఎవరో పేరు చెప్పు, నీ ల్యాగ్ నేనే రాస్తా."

వీరేశం చాలాసేపు ఆలోచించాడు. టీములో ఒక్కొక్కరినీ మనసులో తెచ్చుకుని పక్కన పెడుతున్నట్టు అతని పెదవులు కదిలాయి. ఆఖరికి కర్చీఫు బల్ల మీద పడేశాడు.

"మేడం, పరేషాన్ జేయకున్రి. నిజం జెప్త. పైనోళ్లు టీముకు ఒక్క పేరు ఇయ్యమన్నరు. ఎవరి పేరు రాద్దామన్నా లొల్లి జేస్తరు. ఈ పిలగాడు ఏమనడు. అనడానికి వీనికి నోరే లేదు. గందుకే రాసిన. రాసినంక ఏం ల్యాకో తోచలే, ఫుల్‌స్టాప్ పెట్టిన. మూడు రోజులాయె, నాకు అన్నం పోతలేదు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. భయం ఇంతవరకూ బల్లకు ఒక్కవైపే ఉందనుకున్నాడు వినయ్. రెండోవైపు ఇంకా ఎక్కువే ఉంది.

కనకలక్ష్మి గారు పెన్ను పక్కన పెట్టి వినయ్ వైపు తిరిగారు. "నువ్వు చెప్పబ్బీ. నీకేం ల్యాక్?"

వినయ్ చెయ్యి తనకు తెలియకుండానే పైకి లేచి, మైకు పాడైందని సైగ చేసింది.

"మైకు లేదులే నాయనా ఈడ. చెప్పు. ఇంగ్లీషులోనే చెప్పు."

ఇంక తప్పదు. కళ్లు మూసుకున్నాడు, గేటు దగ్గర కార్డు పెట్టినట్టే. "ఐ ల్యాక్ ఆఫ్..." అన్నాడు. గదిలో గాలి ఆగిపోయింది. వీరేశం కుర్చీ వెనక్కి జరిపాడు. వినయ్ ఆ ఆఫ్‌ను మాత్ర మింగినట్టు మింగి, "ఐ ల్యాక్ కరేజ్ అండి" అన్నాడు. "మాట్లాడటానికండి. నలుగురిలోనండి."

కళ్లు తెరిచేసరికి ఆవిడ నవ్వుతున్నారు. ల్యాకక్క నవ్వగలరని ఆ ఫ్లోరులో ఇంతవరకూ అతనికి ఎవరూ చెప్పలేదు.

"చూసినావా వీరేశం? పిల్లోడు ఎంత చక్కగా కర్మ చూపించినాడో. కర్మ తెలిస్తే తెచ్చివ్వచ్చు. ధైర్యం లేదా, నేర్పుతాం. తెలియకపోతేనే మనిషి మొత్తం పనికిరానట్టు ఉంటాది." కాస్త ఆగి, గొంతు తగ్గించారు. "నేను ఇంటర్ చదివేటప్పుడు మా ఇంగ్లీషు అయ్యవారు క్లాసులో నన్ను లేపి, 'కనకలక్ష్మి ల్యాక్స్' అన్నాడప్పా. అంతలో బెల్లు కొట్టినారు. గణగణమని. ఏం ల్యాకో వినబడలా. మరుసటి రోజుకి ఆయనకు బదిలీ అయిపోయె. అప్పట్నుంచీ ఎతుకుతానే ఉండా. తెలివా? అందమా? ఎత్తా? ఏదనుకున్నా అదే అనిపిస్తాది."

వీరేశం మెల్లగా ల్యాప్‌టాప్ ముందుకు లాక్కున్నాడు. "ఇప్పుడేం రాయాలె మేడం?"

"కర్త మార్చు. తప్పు వినయ్‌ది కాదు కదా. ల్యాక్ ఎవరికుండాదో వాళ్లే కర్త."

అతను టైపు చేసి చదివాడు. "వి ల్యాక్ ఎ రీజన్." మాకు కారణం లేదు.

"ఆఫ్ లేదు. కర్మ ఉండాది. బంగారం లాంటి వాక్యం" అన్నారు ఆవిడ. "కారణం లేని పేరు పైవాళ్లు తీసుకోరు. లాయర్లంటే వాళ్లకూ భయమే."

"నన్ను అడిగితేనో?"

"కింద నా పేరు పెట్టు. భాష నాది అని చెప్పు."

వినయ్‌కి లేచి ఏదో అనాలనిపించింది. అంతలో ఆవిడ బల్ల కింది నుంచి పెద్ద డబ్బా తీసి మూత తెరిచారు. మరమరాలతో చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. "రేపట్నుంచి మధ్యాహ్నం ఈడికే రా. తినుకుంటా మాట్లాడటమే. కారానికి నోరు దానంతటదే తెరుచుకుంటాది."

మొదటి బజ్జీ కొరకగానే వినయ్‌కి కళ్లమ్మట నీళ్లు బొటబొటా కారాయి. ముక్కు చీదుకుంటూ సీటుకు వస్తుంటే ఫ్లోరంతా అతన్ని జాలిగా చూసింది. జయంతి ఒక్కతే నీళ్ల బాటిల్ అందించి, "చెప్పిన గద, మంట తట్టుకునుడు కష్టమని" అంది. ఆమెకు ఏం ల్యాకో అతను అడగలేదు. మర్నాడు తుంగభద్రలో చూస్తే, ఇన్నాళ్లూ కొట్టేసిన పేర్లనుకున్నవాళ్లంతా అక్కడే కూర్చుని పకపకా నవ్వుతూ ఇంగ్లీషులో పోట్లాడుకుంటున్నారు. ఒక్కరి పేరూ పోలేదు. అందరివీ కర్మ దొరకని వాక్యాలే.

వినయ్ పేరు కూడా పోలేదు. కొన్ని వారాలయ్యాక హెడ్డాఫీసు వాళ్లతో మాట్లాడుతూ అతను మైకు దగ్గరికి జరిగి, "అవర్ టెస్ట్ డేటా ల్యాక్స్..." అన్నాడు. ఫ్లోరంతా కీబోర్డుల మీద చేతులు ఆపేసింది. "...డేట్స్" అన్నాడు. వీరేశం గట్టిగా ఊపిరి వదిలాడు. అది మైకులో సముద్రం దాటి వినిపించింది.

అంతా బాగుందనుకుంటుండగా, ఒక మధ్యాహ్నం జయంతి పరిగెత్తుకుంటూ వచ్చింది. "ఇయ్యాల అక్క రివ్యూ అంట. హెచ్చార్ పెద్దసారు పిలిచిండు. అన్నిట్ల కింద తన పేరే పెట్టించుకుంది గద, గదే అడుగుతున్నరంట."

వినయ్‌కి మళ్లీ భయం మొదలైంది. ఈసారి తన కోసం కాదు. అందరూ వెళ్లి తుంగభద్రలో కూర్చున్నారు. డబ్బా మూత ఎవరూ తీయలేదు. వీరేశం గోళ్లు కొరుక్కుంటున్నాడు. ఆవిడ కార్డుకు రేపు ఎర్రదీపం వెలుగుతుందేమోనన్న ఆలోచన వచ్చి, వినయ్ దండకం అందుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఆవిడ లోపలికి వచ్చి, చేతిలో కాగితం బల్ల మీద పెట్టారు. ఉద్యోగం ఉంది. గ్రేడు తగ్గింది. కారణం ఒక్క వాక్యం. "షి ల్యాక్స్ ఆఫ్ ఫ్లెక్సిబిలిటీ."

"ఇది అన్యాయమండి" అని వినయ్ లేచి నిలబడ్డాడు. తనే అన్నాడని తనకే కాసేపు తెలియలేదు.

"అన్యాయమే అబ్బీ. ఆఫ్ ఎందుకు పెట్టినాడు?" అని ఆవిడ ఎర్ర పెన్ను తీసి, ఆ ఆఫ్‌ను నిజంగానే, కాగితం మీదే కొట్టేశారు. తర్వాత ఆ వాక్యాన్ని దూరంగా పట్టుకుని, మురిపెంగా చూసుకున్నారు. "కానీ కర్మ పెట్టినాడు చూడు. ఫ్లెక్సిబిలిటీ. పట్టువిడుపు లేదంట. నిజమే కదప్పా. ఇన్నేండ్లకు దొరికింది. మా అయ్యవారు కూడా ఇదే అనబోయినాడేమో."

అందరూ నవ్వారు. వినయ్ నవ్వలేదు, కూర్చోనూ లేదు.

"అదయ్యుండదండి" అన్నాడు.

"మరేంది?"

"మీ అయ్యవారు అనబోయింది... 'కనకలక్ష్మి ల్యాక్స్ నథింగ్' అనేమోనండి. అంతలో బెల్లు కొట్టేసుంటారండి."

కనకలక్ష్మి గారు పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. చాలాసేపు వినయ్‌నే చూశారు. ఆ తర్వాత డబ్బా మూత తీసి, అన్నిటికన్నా పెద్ద బజ్జీ ఏరి అతని చేతిలో పెట్టారు.

"ఆఫ్ పెట్టలా నువ్వు" అన్నారు. "తిను."